ఒళ్ళో పెట్టె, కింద సముద్రం

పాతికేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేశాక, ఆమె విమానాల్లో తిరిగే పనిలో చేరింది. ఒక దేశంలో ఎవరో దానం చేసిన ఎముకల మూలుగను చల్లటి పెట్టెలో పెట్టుకుని, ఇంకో దేశంలోని రోగికి చేర్చడం ఆ పని. ఆఫీసులో అందరూ ఆమెను పెట్టె అక్క అనేవారు. "నాకన్నా నీకు ఆ పెట్టే ఎక్కువ" అని ఇంట్లో మొగుడు దెప్పేవాడు.

ఆసారి రెండు విమానాశ్రయాల మధ్య దూరం తొమ్మిది వేల కిలోమీటర్లు. మామూలుగా పదకొండు గంటలు చాలు. కానీ విమానం బయల్దేరడమే ఆలస్యమైంది, పైగా ఎదురుగాలి. మూలుగ తీసి అప్పటికే రెండు రోజులు కావస్తోంది. మూడు రోజులు దాటితే అది పనికిరాదు. అవతల రోగి బడికెళ్ళే పిల్ల. కొత్తది ఎక్కించడానికని, జబ్బుపడ్డ ఆ పిల్ల సొంత మూలుగను మందులతో ముందే చంపేశారు. ఇది చేరకపోతే ఇంకో దారి లేదు.

సగం సముద్రం దాటాక ముందు వరుసల్లో కలకలం రేగింది. ఓ పెద్దాయన ఛాతీ పట్టుకుని ఒరిగిపోయాడు. "డాక్టర్లుగానీ నర్సులుగానీ ఉన్నారా?" అని మైకులో అడిగారు. ఎవరూ లేవలేదు. ఆమె ఒళ్ళో ఉన్న పెట్టెను రెండు చేతులా పట్టుకుంది. తెలియనట్టు కూర్చున్నా అడిగేవాళ్ళు లేరు. కాసేపు అలాగే కూర్చుంది కూడా. తర్వాత పెట్టెను భుజానికి తగిలించుకుని లేచింది.

ఆయన ఒళ్ళంతా చెమట. నాడి సరిగ్గా అందడం లేదు.

"అమ్మా, దగ్గర్లో ఓ దీవి మీద ఎయిర్‌పోర్టు ఉంది," అంది విమాన సిబ్బంది పెద్ద. "దింపాలా, వెళ్ళిపోవచ్చా? కెప్టెన్ గారు అడుగుతున్నారు."

"మనం చేరడానికి ఇంకా ఎంతసేపు?"

"ఐదు గంటల పైనే."

పెద్దాయన భార్య ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆయనకేం కాదు కదమ్మా?"

తను ఫరవాలేదు, పోనివ్వండి అంటే చాలు, పెట్టె వేళకు చేరుతుంది.

"దించమనండి," అంది. "అంతసేపు ఈయన ఆగలేడు."

దీవిలో ఆయన్ని అంబులెన్సు ఎక్కించారు. సిబ్బంది డ్యూటీ గంటలు అయిపోయాయని, విమానం మళ్ళీ రేపేనని చెప్పారు. ఆమె ఆఫీసుకు ఫోన్ చేసింది.

"ఎందుకు దింపించావక్కా? అవతల పిల్ల ప్రాణం!" అని కసిరాడు ఆఫీసు అబ్బాయి.

"ఇవతలిదీ ప్రాణమే కదయ్యా. తిట్లు తర్వాత తిడుదువుగానీ, ముందు ఇంకో విమానం చూడు."

ఒకే ఒక్క సీటు దొరికింది, అదీ మూడో ఊరి మీదుగా చుట్టు తిరిగిపోయే దారిలో. తనిఖీ దగ్గర గార్డు అడ్డుపడ్డాడు. పెట్టెను మెషీన్లో పెట్టాల్సిందే అన్నాడు.

"ఎక్స్‌రే తగిలితే లోపలిది పాడవుతుంది. నన్ను నిలువునా వెతుక్కో బాబూ, పెట్టె మాత్రం ఇవ్వను!"

ఆ కేకకు అతని పైఅధికారి పరిగెత్తుకొచ్చాడు. పెట్టెను చేత్తో తడిమి చూసి, పొమ్మన్నాడు. ఆమె పరుగు తీసింది.

ఆసుపత్రి చేరేసరికి గడువు అంచుకొచ్చింది. ల్యాబు డాక్టరు పెట్టె లాక్కున్నట్టే తీసుకుని లోపలికెళ్ళాడు. చాలాసేపటికి బయటికొచ్చాడు.

"కొన్ని కణాలు పోయాయి. బతికినవి సరిపోతాయనే అనుకుంటున్నాం. ఎక్కిస్తున్నాం."

పెట్టె పట్టుకుని పట్టుకుని బిగుసుకుపోయిన ఆమె వేళ్ళు ఎంతకీ తెరుచుకోలేదు.

మర్నాడే దీవి నుంచి కబురొచ్చింది, పెద్దాయన గండం గట్టెక్కాడని. పిల్ల కబురే రాలేదు. వారాలు గడిచాయి. ఆమె ఏ ప్రయాణానికీ ఒప్పుకోలేదు. ఫోన్ మోగితే చాలు, ఉలిక్కిపడేది.

ఓ పొద్దున ఆఫీసు అబ్బాయే చేశాడు. "అక్కా, పిల్లకి మూలుగ ఒంటబట్టింది! ఇప్పుడు ఆ పిల్ల ఒంట్లో కొత్త రక్తం పుడుతోందట."

ఆమె వంటింట్లో నేల మీద చతికిలబడింది. మొగుడు కంగారుగా పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది? ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?"

"ఏమో. ముందు కాసిని నీళ్ళివ్వు," అంది.