తాళంచెవి పైనున్న మనిషి దగ్గరే

కాక చనిపోయిన సంగతి నాకు స్తంభం దిగాకే చెప్పారు. ఫోను వచ్చి అప్పటికే అరగంట అయిందట. జైనూర్ అవతల గుట్ట మీద నేను పాత ఇన్సులేటర్ తీసి కొత్తది బిగిస్తున్నాను. ఆ కొండల్లో సిగ్నల్ అందే చోట్లు కొన్నే, అది వాటిలో ఒకటి. కింద నా తోటి లైన్‌మన్ ఫోనెత్తాడు, విన్నాడు, జేబులో పెట్టుకుని మళ్లీ నాకు తాడు అందించాడు. నేను దిగి, బెల్టు విప్పి, నీళ్లు తాగాకే నోరు విప్పాడు.

"సుల్తానాబాద్ నుంచి మీ చిన్నమ్మ చేసింది. కాక పొద్దుగాల పోయిండట."

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పైనున్నోళ్లకు ఏ వార్తా చెప్పద్దని ఆయనే గదా మనకు నేర్పింది," అన్నాడు.

ఆయన మా బాపుకు తమ్ముడేమీ కాదు. సుల్తానాబాద్‌లో మా మెథడిస్టు చర్చి వెనక వాడలో మూడిళ్ల అవతల ఉండేవారు. వాడంతా కాక అనేది, నేనూ అన్నాను. ఆయన భార్యను చిన్నమ్మ అనేదాన్ని. కరెంటు సంస్థలో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఎడమ చేయి మోచేతి పైదాకా లేదు. చొక్కాలన్నింటికీ ఆ వైపు చేతిని దర్జీ దగ్గర పొట్టిగా కుట్టించుకునేవారు. ఎందుకలా అని చిన్నప్పుడు అడిగితే, "ఉత్త చెయ్యి ఊగుతుంటే జనం దాన్నే చూస్తరు బిడ్డా, నా మాట ఇనరు," అన్నారు. ఆదివారాలు చర్చిలో వాక్యం చదివే వంతు వస్తే బైబిలును ఛాతీకి, మిగిలిన ఆ కొంచెం చేతికి మధ్య నొక్కి పట్టుకుని బొటనవేలితో పేజీ తిప్పేవారు. ఎవరైనా లేచి పట్టుకోబోతే కళ్లతోనే కూర్చోబెట్టేవారు.

ఐటీఐ అయ్యాక నేను లైన్‌మన్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. పరీక్షలో స్తంభం ఎక్కి చూపించాలి. మా అవ్వ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కాక మాత్రం ఊరి బయట తీగలు తీసేసిన ఒక పాత సిమెంటు స్తంభాన్ని వెతికిపెట్టుకుని, ఆఫీసులో అడిగి ఒప్పించి, రోజూ పొద్దున్నే నన్ను అక్కడికి తీసుకెళ్లారు. కింద నిలబడి గొంతుతోనే నేర్పారు. "కాళ్లను చూడకు, అవి యాడికి పోవు. చేతులను చూడు." పొలాలకు పోయేవాళ్లు ఆగి నవ్వేవాళ్లు. ఒకాయన గట్టిగానే అన్నాడు, ఒంటి చేతి మనిషి ఆడపిల్లకు పోలెక్కడం నేర్పుతున్నాడని. కాక అటు తిరిగి చెప్పారు: "నా చెయ్యి పోలెక్కినందుకు పోలే. నేను పైన ఉండంగ లైను ఇచ్చినందుకు పోయింది. ఎక్కుడు నాకు మంచిగనే వచ్చు."

అదెలా జరిగిందో ఆ రోజు ఇంటికి వస్తూ దారిలో చెప్పారు. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌లో ఉన్న ఆపరేటర్‌కు చెప్పి ఆ లైనుకు కరెంటు ఆపించుకుంటాం. దాన్ని లైన్ క్లియర్ తీసుకోవడం అంటాం. కాక తీసుకున్నారు, ఎక్కారు. కింద సబ్‌స్టేషన్‌లో డ్యూటీ మారింది. డ్యూటీ దిగిపోయేవాడు చెప్పడం మరిచాడు, కొత్తగా వచ్చినవాడు స్విచ్ వేశాడు. వేసినవాడు ఆస్పత్రికి వచ్చి మంచం పట్టె పట్టుకుని ఏడ్చాడట. కాక అతన్ని ఎన్నడూ తిట్టగా నేను వినలేదు. అతని కూతురి పెళ్లికి కూడా పోయి వచ్చారు. "మనిషన్నంక మర్సిపోతడు. ఆడు మర్సినా ఈడు బతికేటట్టు ఉండాలె ఏర్పాటు," అనేవారు. నాకు ఉద్యోగం వచ్చి జైనూర్ దిక్కు పోస్టింగ్ ఇచ్చినప్పుడు కూడా ఆశీర్వాదం లాంటిదేమీ చెప్పలేదు. ఇదే మాట చెప్పారు.

కొన్నాళ్లకు దేశమంతటి కరెంటు వ్యవస్థను మార్చడానికి స్మార్ట్ గ్రిడ్ ప్రణాళిక ముసాయిదా బయటికొచ్చింది. తీగ ఎక్కడ తెగిందో వ్యవస్థే చెబుతుంది. స్విచ్ వేయడానికి, తీయడానికి మనిషి స్తంభం దగ్గరికి పోనక్కర్లేదు, దూరాన కంట్రోల్ రూంలో తెర ముందు కూర్చుని బటన్ నొక్కితే చాలు. అభిప్రాయాలు చెప్పమని ప్రజలను మీటింగులకు పిలిచారు. కాక నాతో ఆ కాగితాలన్నీ ప్రింటు తీయించారు. సెలవుకు వచ్చినప్పుడల్లా వాళ్ల వసారాలో కూర్చుని నేను ఇంగ్లిషులో చదివి తెలుగులో చెప్పాలి. ఆయన కొత్త యంత్రాలంటే గిట్టని మనిషి కాదు. వానలో తెగిన తీగ కోసం ఊరూరా నడిచినవాళ్లకే తెలుస్తుంది దాని విలువ అని మొదటి రోజే అన్నారు. కానీ ఒక పేజీ తర్వాత ఒక పేజీ పోతున్నకొద్దీ ముఖం బిగుసుకుంది. వినియోగదారుడున్నాడు, పెట్టుబడి ఉంది, సాఫ్ట్‌వేర్ ఉంది.

"పోలెక్కెటోడు యాడున్నడు బిడ్డా?" అని అడిగారు.

వెతికాను. సిబ్బంది అవసరం తగ్గుతుందన్న చోట ఒక్కసారి కనిపించాడు.

"గింత పెద్ద కాయిదంల మనకు జాగ లేదన్నట్టు," అన్నారు. "పోదాం పా. మీటింగు ఎన్నడో చూడు."

మీటింగు కరీంనగర్‌లో ఒక పెద్ద హాల్లో పెట్టారు. పెన్షనర్లకు మాట్లాడే వంతు లేదని గుమ్మం దగ్గరే ఆపారు. "మా ఇంట్ల కరెంటున్నది. నేను వినియోగదారుడినే, రాసుకో," అని పేరు రాయించి లోపలికి నడిచారు. ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి వేదిక మీద ఉన్నారు. మన ఇంజినీరొకాయన తెలుగు మాటలను హిందీలోకి మార్చి చెబుతున్నారు.

కాక వంతు వచ్చింది. మైకు ముందు నిలబడి మెల్లగా అడిగారు. "జైనూర్ గుట్టల్ల మా బిడ్డ పోలు మీద ఉంటది. ఆడ ఫోనుకు సిగ్నల్ రాదు. మీ మనిషి యాడనో కూసొని బటన్ ఒత్తుతడు. ఆమె పైన ఉన్నదని ఆయనకెట్ల ఎరుక?"

ఇంజినీరు హిందీలో, భద్రత విషయంలో శ్రద్ధ తీసుకోవాలని ఈ పెద్దాయన విన్నవించుకుంటున్నారని చెప్పారు. కాకకు హిందీ బాగా వచ్చని ఆయనకు తెలియదు.

"సార్, నేను విన్నపం చేస్తలేను. అడుగుతున్న. నేనన్నది ఉన్నదున్నట్టు చెప్పుండ్రి."

 ఇంజినీరు ఈసారి ఉన్నదున్నట్టే చెప్పారు. లైను ఆపినట్టు సిబ్బందికి మెసేజ్ వస్తుందని అధికారి జవాబిచ్చారు. మెసేజ్ రాకపోతే ఏమిటని కాక అడిగారు. తెర మీద అంతా కనిపిస్తుందని, పొరపాటు జరిగే అవకాశం చాలా తక్కువని అధికారి అన్నారు.

"అయితే మీరెక్కుండ్రి సార్," అన్నారు కాక. "పోలు గీ హాలు బయటనే ఉన్నది. నేను బటన్ కాడ కూసుంట. నాకు గూడ మతిమరుపు జర తక్కువనే."

వెనక ఎవరో నవ్వబోయి మానుకున్నారు.  అధికారి తన పుస్తకంలో ఏదో రాసుకున్నారు. కాక నమస్కారం పెట్టి వచ్చి నా పక్కన కూర్చున్నారు.  

ఆ మీటింగు తర్వాత మా కొండల్లోనే ఒక లైనును ప్రయోగానికి ఎంచుకున్నారు. స్తంభాలకు కొత్త స్విచ్ పెట్టెలు బిగించారు. కంట్రోల్ రూం అనుమతి లేకుండా పెట్టెను ముట్టవద్దని ఆర్డరు. నెల తిరక్కుండానే ఒక చెట్టు కొమ్మ విరిగి తీగల మీద పడి రెండు గోండు గూడేలకు కరెంటు పోయింది. మేం ముగ్గురం పోయాం. మెసేజ్ కోసం చూశాం. అది రాలేదు, అక్కడ సిగ్నల్ ఉంటే కదా. గుట్టెక్కి కంట్రోల్ రూంకు ఫోను చేస్తే, లైను ఆగినట్టు తెర మీద కనిపిస్తోంది, ఎక్కండి అన్నారు. నేను ఎక్కనన్నాను. సాయంత్రానికి నా పేరు మీద మెమో వచ్చింది.

నిజం చెబుతున్నాను, భయపడ్డాను. ఉద్యోగం పోతే మా ఇంట్లో ఇంకో జీతం లేదు. అదే గుట్ట మీద నుంచి కాకకు ఫోను చేశాను. కొత్త పెట్టె ఎలా ఉంటుందో కూడా చెప్పించుకుని, అంతా విని ఒక్క మాట అడిగారు: "ఎక్కినవా?" లేదన్నాను. "ఎక్కకు. నేనొస్తున్న."

సుల్తానాబాద్ నుంచి మంచిర్యాల, అక్కడి నుంచి ఆసిఫాబాద్, ఆ తర్వాత జీపు. మర్నాడు పది దాటాక భుజాన సంచితో దిగారు. నేరుగా గూడేనికి నడిచి, పెద్దమనిషి ముందు కూర్చుని, కరెంటు ఎందుకు రాలేదో తానే చెప్పారు. మా మీద కోపం వస్తే తన మీద చూపించమన్నారు. ఆ పెద్దమనిషి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి, "పోరి పైకి పోయి సస్తే వచ్చే కరెంటు మాకెందుకు? ఇంక రెండు రోజులైనా చూస్తం," అన్నాడు. ఆయన కోడలు మా అందరికీ జొన్న రొట్టెలు పంపింది.

మధ్యాహ్నం డివిజన్ ఇంజినీరు జీపులో వచ్చారు. ఆయన కోపంగానే దిగారు. కాక ఆయనతో వాదించలేదు. స్తంభం దగ్గరికి తీసుకుపోయి పెట్టె కింద ఉన్న పసుపుపచ్చ పిడిని చూపించారు. దాన్ని కిందికి లాగితే దూరం నుంచి ఎవరు ఎన్ని బటన్లు నొక్కినా లైను కలవదు. ఆ పిడికి ఒక రంధ్రం ఉంది.

"గిది తాళం కోసం పెట్టిన బొక్క సార్. పెట్టె చేసినోనికి ఎరుకే, కింద నుంచి ఒకడు ఎక్కుతడని. ప్లాను రాసినోళ్లే తాళం ఇచ్చుడు మర్సిండ్రు."

ఇంజినీరు వంగి చూశారు. వేలు పెట్టి చూశారు. కాక సంచిలోంచి ఒక తాళం తీశారు. ఇంటి తలుపుది ఊడదీసుకుని వచ్చారట, చిన్నమ్మ ఆ రాత్రంతా తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుందని తర్వాత తెలిసింది.  ఇంజినీరు తానే పిడి లాగారు. నేను తాళం వేశాను. చెవి నా జేబులో పెట్టుకున్నాను. తీగలను నేలకు కలిపే ఎర్తింగ్ తగిలించి ఎక్కి, కొమ్మ కోసి, తీగ సరిచేసి దిగేసరికి గంట పట్టింది. ఆ గంటా కాక కింద నిలబడే ఉన్నారు.

వారంలో మా డివిజన్‌కు ఆర్డరు వచ్చింది. ప్రతి జట్టుకూ తాళాలు ఇస్తారు. ఎక్కేవాళ్లే వేయాలి, చెవి వాళ్ల దగ్గరే ఉండాలి. నా మెమోను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఇప్పటికీ ఫైల్లో ఉంది, ఉండనీ.

దేశం ప్రణాళికలో తాళం గురించిన ఆ వాక్యం చేరిందా అంటే చేరలేదు. సవరించిన ముసాయిదాలో సిబ్బందికి తగిన భద్రతా చర్యలు తీసుకుంటారని ఉంది. నేను చదివి వినిపిస్తే కాక వెంటనే ఆపారు. "తగిన అంటే ఎంత?" అదే ప్రశ్నతో ఢిల్లీకి ఉత్తరం రాయించారు. జవాబు రాలేదు. రెండోది రాయించారు. ఎన్ని రాస్తావు కాకా అని అడిగితే, "కాయిదాలకేం కరువా? రాయి," అన్నారు. మూడోది ఫోనులో సగం చెబుతుండగా ఆయాసం వచ్చి ఆపేశారు. అది ఆయన పోవడానికి నాలుగు రోజుల ముందు. మిగతా సగం నేను పూర్తి చేశాను. కింద నా పేరు, నా ఉద్యోగం, నేను ఎక్కే లైను రాసి పోస్టు చేశాను. దీనికీ జవాబు రాకపోతే నాలుగోది మా జట్టంతా కలిసి రాస్తాం.

సమాధి రోజున అక్కడి లైన్‌మన్లకు సెలవు ఇవ్వలేదు. రెండు గంటల పర్మిషన్ ఇచ్చారు. సుల్తానాబాద్ చుట్టుపక్కల లైన్ల మీద ఉన్నవాళ్లు పని బట్టలతోనే వచ్చారు. నేను జీతం లేని సెలవు పెట్టి తెల్లవారుజామున జైనూర్ నుంచి బయల్దేరి పాస్టర్ ప్రార్థన మొదలుపెట్టే వేళకు చేరుకున్నాను. హెల్మెట్లు తీసి శ్మశానం గోడ మీద వరసగా బోర్లించకుండా వెల్లకిలా పెట్టాం. శవపెట్టెను దింపుతుండగా వాన మొదలైంది. గొడుగులున్నవాళ్లు చిన్నమ్మ మీదికి వంచారు. పాస్టర్ పాటను తొందరగా ముగించబోతే చిన్నమ్మ తలెత్తి, "అన్ని చరణాలు పాడుండ్రి," అంది. అందరం పాడాం. గోడ మీద పసుపుపచ్చ హెల్మెట్లు ఒక్కొక్కటే వాన నీళ్లతో నిండి పొర్లుతున్నాయి. ఒక్కరూ వాటి కోసం పోలేదు.