పిన్ని కొంగు వాసన

నేను భుయ్యాడీహ్‌కు కాపురానికి వచ్చేసరికి మా ఆయన మొదటి భార్య పోయి ఏడాది దాటింది. ఆవిడ కూతురికి మూడేళ్లు. పాపను సాకుతున్నది ఆవిడ చెల్లెలు. ఇంకా పెళ్లి కాలేదు, తల్లితో మా పక్క వాటాలోనే ఉండేది. పాప ఆమెను పిన్నీ అని పిలిచేది, నన్ను ఏమనీ పిలిచేది కాదు. నేను కలిపిన అన్నమైనా పిన్ని చేత్తో పెడితేనే తినేది. మధ్యాహ్నం పిన్ని కొంగులో ముఖం దాచుకుంటే తప్ప నిద్రపోయేది కాదు. చూస్తుంటే నా కడుపు రగిలిపోయేది.

ఆ చలికాలంలో నా మేక ఈనుతూ చచ్చిపోయింది, మేకపిల్ల బతికింది. అదే వేళకు పాప పిన్ని మేకకు చచ్చిన పిల్ల పుట్టింది. నా మేకపిల్లను దాని పొదుగు దగ్గర పెడితే, మూచూసి కొమ్ములతో నెట్టేసింది. అప్పుడు ఆ అమ్మాయి చచ్చిన పిల్ల ఒంటి మీది ఉమ్మనీరు చేత్తో తీసి నా మేకపిల్లకు ఒళ్లంతా పూసింది.

"దానికి కళ్లతో పనేటి అక్కా? వాసనే బిడ్డ" అంది.

మేక మళ్లీ మూచూసింది. గొంతులోనే సన్నగా అరిచి, నాకడం మొదలుపెట్టింది. మేకపిల్ల పాలు తాగుతుంటే అందరూ సంతోషించారు. ఇదీ ఆమెదే అయిపోయిందని నేను లోపలికి వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం ఆమె నదికి వెళ్లినప్పుడు, దండెం మీదున్న ఆమె విడిచిన చీర తెచ్చి కట్టుకుని పాప పక్కన పడుకున్నాను. నిద్రమత్తులో పాప నా కొంగులోకి దూరింది. ఊపిరి బిగబట్టాను. కాసేపటికి తలెత్తి నా మెడ దగ్గర వాసన చూసింది.

"తుమ్ పిన్ని నహీ హో" అంది. నువ్వు పిన్నివి కాదు అని, వీధి పిల్లల దగ్గర నేర్చుకున్న హిందీలో.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొంగు మాత్రం వదలకుండా అలాగే నిద్రపోయింది.

ఆ అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడి, నా ఒంటి మీది చీర చూసింది. తిడితే బాగుండేది.

"నువ్వే ఉంచీసుకో అక్కా. నాకు గమ్హరియాలో సంబంధం కుదిరేటట్టుంది. పాపకి నువ్వు అలవాటవ్వాల" అంది.

ఆ మంచితనం నన్ను మరింత మండించింది.

ఆమె పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. బడిలో వేసే నాటికి పాప నన్ను అమ్మా అంటోంది. అయినా పండక్కి పిన్ని వచ్చిందంటే, నా ఒళ్లోంచి దిగి పరుగెత్తి ఆమె భుజంలో ముక్కు పెట్టి గట్టిగా పీల్చుకునేది. నేను టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్లి, నీళ్లు మరిగిపోతున్నా అక్కడే నిలబడేదాన్ని.