దగ్గేటోళ్లు గడప బయటనే

మా అత్త ఐలమ్మ నోటికి అలియాబాద్‌లో సగం ఊరు జడుస్తుంది. శామీర్‌పేట చెరువు దగ్గర మక్క కంకులు కాల్చి అమ్ముతుంది. ఎవరైనా బేరమాడితే విసనకర్ర ఆపి, "నువ్వే కాల్చుకోని నువ్వే తిను పో" అంటుంది. ఆ నోరు నన్నూ వదల్లేదు. కానీ నాకు ఆడపిల్ల పుట్టాక అదే మా తలుపుకు గొళ్లెమైంది.

"దగ్గేటోళ్లు గడప బయటనే" అని మొదటి రోజే చెప్పేసింది. చుట్టుపక్కల కోరింత దగ్గు తిరుగుతోందని, పెద్దలకు మామూలు దగ్గే అయినా పసివాళ్లకు ప్రాణం మీదికి తెస్తుందని ఆశా కార్యకర్త హెచ్చరించింది. నెలన్నర నిండితే గానీ దానికి తొలి టీకా వేయరు. మా అత్తకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె తొలిచూలు బిడ్డ ఊయల ఎక్కకముందే ఆ దగ్గుతో పోయింది.

నా కూతుర్ని ఊయలలో వేసే తొట్టెల పండుగకు అత్త అన్న బాలనర్సయ్య వచ్చాడు. చేతిలో చిన్న సీసా, గొంతులో ఖళ్లు ఖళ్లుమని దగ్గు.

"గాడిద పాలు, చెల్లె. ఇప్పుడే తాపుతే ఇగ దగ్గే రాదు. పొల్లనియ్యి."

"నా బిడ్డకు గూడ నువ్వే తెచ్చినవు గదనే అన్నా. నోరు మూసుకోని తాపిన. బతికిందా?"

వాకిలి నిండా చుట్టాలు. "మామ పరువు తియ్యకే అమ్మా" అని మా ఆయన నగేష్ గొణిగాడు. ఆమె వినలేదు. సీసా అందుకుని, మూత తీసి, తిరిగి అన్న చేతిలోనే పెట్టింది.

"దగ్గేది నువ్వు. నువ్వే తాగు."

ఆయన అన్నం ముట్టకుండా వెళ్లిపోయాడు. అందరూ ముక్కున వేలేసుకున్నారు. నాకైతే ఆమె కాళ్లు మొక్కాలనిపించింది.

వారం తిరక్కుండా ఆమెకే దగ్గు పట్టుకుంది. ఎవరూ ఏమీ అనకముందే బొంత, చెంబు తీసుకుని బర్రెల కొట్టంలోకి వెళ్లిపోయింది. మందులు వాడుతున్నా లోపలికి రాలేదు.

"ఇగ రా అత్తా, నీ ఇంట్ల నీకే అడ్డమా?" అన్నాను.

"గడప అందరికీ ఒక్కటే" అంది.

టీకా రోజు మాతో ఆటో ఎక్కలేదు. వెనకాల నడిచి వచ్చి, మూతికి కొంగు కట్టుకుని ఆరోగ్య కేంద్రం గేటు బయటే నిలబడింది. సూది దిగగానే నా కూతురు పైకప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. మిగతా టీకాలకూ తప్పక రావాలని నర్సు చెబుతుంటే తలూపి, పిల్లను ఊరుకోబెడుతూ బయటికొచ్చాను.

"ఊకోబెట్టకు బిందూ" అంది అత్త దూరం నుంచే. "నా బిడ్డకు ఏడ్వనీకి గూడ ఊపిరి ఇయ్యలే ఆ దగ్గు. దీన్ని ఏడ్వనియ్యి. ఊరంత ఇననియ్యి."