సిమెంటు లారీల లెక్క

బొంబాయిలో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో పని చేస్తానని నేను చెప్పినప్పుడు మా నాయన గొర్రె కాలిలో ముల్లు తీస్తున్నాడు. తల ఎత్తకుండానే, "బ్యాంకు జమ్మలమడుగులో లేదా?" అన్నాడు.

ఆయన తప్పేం లేదు. ఆ మాట నాకే తెలిసి ఏడాది కాలేదు. మాది జమ్మలమడుగుకు ఎగువన, పెన్న ఒడ్డున ఉన్న ఊరు. గొర్రెలే మా బతుకు. నేను ప్రొద్దుటూరులో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. హాస్టల్ వీధి చివర బంగారు అంగడి నడిపే ఒక ముసలాయన ఉండేవాడు. అందరికీ తాతే. ఆయనకు షేర్ల పిచ్చి. ఆయన వాటాలు కొన్న కంపెనీలు ఏటేటా ఇంగ్లీషులో నివేదికలు పంపేవి. ఒకసారి విరిగిన చెవికమ్మ బాగు చేయించుకోవడానికి నేను పోతే, ఒక నివేదిక నా చేతిలో పెట్టి, "ఇంజనీరు చదువుతాండావు గదా, దీంట్లో ఏమి రాసినారో చెప్పు పాపా" అన్నాడు.

నాకు ఒక్క పేజీ అర్థం కాలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ప్రతి ఆదివారం ఆ అంగడి మూల బల్ల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఒక కంపెనీ ఎంత సరుకు చేస్తుంది, రేపు దాని గతి ఏమవుతుంది, దాన్ని ఇంకొకరు కొనాలంటే ఏ ధర న్యాయం, ఇవన్నీ తేల్చి చెప్పే ఉద్యోగం ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల్లో ఉంటుందని అలా తెలిసింది. అదే నాకు కావాలనుకున్నాను.

ఆ బ్యాంకులు ఉద్యోగాలివ్వడానికి మా కాలేజీకి వచ్చేవి కావు. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని పంపిన దరఖాస్తులకు ఒక్క జవాబూ రాలేదు. కాలేజీ పేరు చూసి పక్కన పెడుతున్నారని అర్థమైంది. అడగడం మానేసి, పని చేసి చూపించాలనుకున్నాను.

ఎర్రగుంట్ల దారిలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. దాని నివేదిక తాత దగ్గర దొరికింది. అందులో రాసింది నిజమో కాదో తేల్చాలంటే గేటు దగ్గర కూర్చోవాలి. వేసవిలో నాయన ఎండిన ఏరు దాటించి మందను అటు తోలుకుపోయేవాడు. నేనూ వెంట పోయి, తుమ్మచెట్టు కింద నోటుబుక్కు పెట్టుకుని, బయటికొచ్చే సిమెంటు లారీలు లెక్కపెట్టాను. నాలుగో రోజు ఒక జీపు వచ్చి ఆగింది. ఆ లారీల కాంట్రాక్టు ఒక నాయకుడిది. అక్కడ ఒక బండి రాకపోకలు రాసుకోవడమంటే ఎవరి ప్రాణానికో గురి పెట్టినట్టే అనుకునే రోజులవి.

"ఏంది రాసుకుంటాండావు? ఎవరు పంపినారు నిన్ను?" జీపులోంచి ఒకాయన అడిగాడు.

"ఎవరూ పంపలేదన్నా. కాలేజీ పని." పుస్తకం చేతికిచ్చాను. అంకెలు తప్ప ఏమీ కనబడక తిరిగిచ్చి, "రేపట్నుంచి ఈడ కనబడగాకు" అని పోయాడు. అప్పటికి కావలసింది దొరికిందనుకున్నాను. నివేదికలో చెప్పినంత సరుకు లారీల్లో బయటికి రావడం లేదు గనక ఫ్యాక్టరీ దిగజారుతోందని పన్నెండు పేజీలు రాసి బొంబాయిలో ఒక బ్యాంకుకు పంపాను.

నెల తర్వాత తాత అంగడికి ఫోన్ వచ్చింది. ఇంటర్వ్యూకు రమ్మన్నారు.

ఆ వారంలోనే ఎన్నికల పని మీద మా ఊరి పెద్ద ఇంటికొచ్చాడు. మా గొర్రెలు మేసేది ఆయన బీళ్లలోనే. "ఈసారి బూతులో మన పార్టీ ఏజెంటుగా నువ్వు కూచోవాల. నీ బిడ్డకు ఫ్యాక్టరీలో ఉద్యోగం నేను ఇప్పిస్తా" అన్నాడు నాయనతో. అంతకు ముందు ఎన్నికల్లో ఏజెంటుగా కూర్చున్న మా చిన్నాన్న, అవతలి వర్గానికి భయపడి రెండేళ్లు చక్రాయపేట దిక్కు తలదాచుకున్నాడు. నాయన బదులిచ్చేలోగా నేనే గడప దాటి వచ్చి, "నాకు ఆ ఉద్యోగం వద్దు పెదనాయనా" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "ఆడబిడ్డ మాటే నీ మాటా?"

నాయన నా పక్కకు వచ్చాడు. "దాని చదువు, దాని మాట. నేను గొర్లు కాసుకునేటోణ్ణి. బూతు పనులు నాకు రావన్నా."

మర్నాడే ఆయన బీళ్లలోకి మంద రాకూడదని కబురొచ్చింది. అమ్మ గొర్రెలను తోలుకుని పులివెందుల పక్క మా మేనమామ ఊరికి పోయింది. ఇక నేను వెనక్కి తగ్గితే ఆ నష్టానికి అర్థమే ఉండదు.

నాయనా నేనూ బొంబాయికి బయల్దేరాల్సిన రోజుకు ముందు రాత్రి జమ్మలమడుగులో ఒక నాయకుణ్ణి చంపేశారు. తెల్లారేసరికి బంద్. బస్సుల్లేవు. మధ్యాహ్నం రైలు ఎర్రగుంట్లలో ఎక్కాలి. "ఏట్లో పడి పోదాం, బిన్నా నడువు, రైలు తప్పిపోతాది" అన్నాడు నాయన. చెప్పులు చేతబట్టుకుని ఇసుకలో నడిచాం. అవతలి ఒడ్డున దారికి అడ్డంగా రాళ్లు పేర్చి కొందరు నిలబడి ఉన్నారు.

"యాడికి మామా? బంద్ అని తెలీదా?"

"రైలుకప్పా. పాపకు బొంబాయిలో పరీక్ష."

"ఎవరి మనిషివి నువ్వు?"

"ఎవరి మనిషినీ కాదు. గొర్లోణ్ణి."

వాళ్లలో పెద్దవాడు నా సంచి విప్పించి చూశాడు. చీర, కాగితాలు. "పో. జీపులొచ్చేలోగా రోడ్డు దాటు" అన్నాడు. స్టేషన్ చేరేసరికి బండి రావడానికి ఇంకా పావుగంట ఉంది.

బొంబాయిలో తాత బంధువుల ఇంట్లో దిగాం. ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. నా కాగితాలు తిరగేసిన ఆవిడ, లారీలు ఎలా లెక్కపెట్టావని శ్రద్ధగా అడిగింది. తర్వాత, "రైల్లో పోయే సిమెంటు?" అంది.

ఎర్రగుంట్లలో గూడ్సు యార్డు నా కళ్లముందే ఉంది, నాకు తోచనే లేదు. "లెక్కపెట్టలేదు మేడమ్. నా లెక్క తప్పు" అన్నాను. వాళ్లు థాంక్స్ చెప్పి పంపేశారు.

కింద గేటు దగ్గర కూర్చున్న నాయన లేచాడు. "ఏమన్నారు?"

"రైళ్లు లెక్కపెట్టలేదన్నారు."

"పెడితే పోలా?" అన్నాడు.

ఎర్రగుంట్లలో దిగాక నాయన పులివెందుల దిక్కు అమ్మ దగ్గరికి పోయాడు, నేను పోలేదు. వారం రోజులు గూడ్సు యార్డులో, గుమస్తా వేసిన స్టూలు మీద కూర్చుని, సిమెంటు నింపుకునే ప్రతి వ్యాగనూ రాసుకున్నాను. ఫ్యాక్టరీ సరుకులో దాదాపు సగం పట్టాల మీదే పోతోంది. అది దిగజారడం లేదు, పెరుగుతోంది. 'నేను ముందు రాసింది తప్పు, ఎందుకంటే' అని మొదలుపెట్టి అంతా తిరగరాసి పంపాను.

ఈసారి పది రోజుల్లోనే ఫోన్ వచ్చింది. ముందు రెండు నెలల శిక్షణ. చదువు పూర్తయ్యాక ఉద్యోగం. కొత్తలో నా ఇంగ్లీషు విని నవ్వేవారు. నవ్వనిచ్చాను, పని మాత్రం వాళ్ల కంటే ముందు పూర్తి చేసి ఇచ్చేదాన్ని. అమ్మానాయనా సొంత ఊరికి తిరిగి రావడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో ఒక్కసారైనా నాయన నాతో ఆ సంగతి ఎత్తలేదు. పులివెందులలో గడ్డి బాగుందనేవాడు.