బంకు పక్కన రాతి తొట్టి

నన్ను ఎవరెవరు ఏమేం అన్నారో అడగండి, తడుముకోకుండా చెబుతాను. ఏ పెళ్లిలో ఎవరు నన్ను పంక్తిలోంచి లేపి ఇంకొకరిని కూర్చోబెట్టారో, కరెంటాఫీసులో ఏ గుమాస్తా నా అర్జీని చదవకుండానే పక్కన పడేశాడో, అన్నీ గుర్తే. మరిచిపోవడం నాకు చేతకాదు. కానీ నేను ఒకరికి చేసింది ఒకటుంది. దాన్ని ఇన్నేళ్లూ లోపలే మోశాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

బత్తలపల్లె నుంచి ధర్మవరం పోయే దారిలో మాది పంక్చర్ల అంగడి. మా నాయన పెట్టాడు, తరువాత నేను నడిపాను. దాని పక్కనే పాత పెట్రోలు బంకు. అది తెరిచిన రోజు నుంచి మూతపడిన రోజు దాకా అక్కడ పెట్రోలు పోసినవాడు పెద్దన్న. నాకంటే చాలా పెద్దవాడు. నోరు కూడా పెద్దదే.

నాకు అర్జీలు రాసే అలవాటుంది. వీధిదీపం వెలగకపోతే రాస్తాను. బస్సు ఆపకుండా పోతే రాస్తాను. తప్పా? ఎవరో ఒకరు అడగాలి కదా. ఒకరోజు నా మోపెడ్‌కు పెట్రోలు పోయించుకుంటూ, కొలత మీద అనుమానం వచ్చి వంగి చూశాను. చుట్టూ లారీ డ్రైవర్లు ఉన్నారు. పెద్దన్న అందరికీ వినబడేటట్టు అరిచాడు.

"జరగండప్పా, అర్జీల సామి వచ్చినాడు! సుక్క తక్కువైనా కలెక్టరుకు రాస్తాడు. రాసుకోనీలే, కలెక్టరు జీపుకు గూడా పోసేది నేనే!"

అందరూ నవ్వారు. నవ్వు ఆ పూటతో పోయింది. పేరు పోలేదు. మా నాయన చనిపోయినప్పుడు పలకరించడానికి రాయదుర్గం నుంచి వచ్చిన బంధువు, బస్సు దిగి "అర్జీల సామి ఇల్లు యాడ?" అని అడుక్కుంటూ వచ్చాడు. ఇంట్లో శవం ఉంది. వాకిట్లో ఆ పేరు వినబడింది. పెద్దన్న మీది కోపాన్ని ఆ రోజు లోపల పెట్టుకున్నాను.

తరువాత పెద్ద కొత్త బంకు వచ్చింది, పాతది మూతపడింది. రెండువేల సంవత్సరం దాటాక వరుసగా వానలు లేని ఏండ్లు. అప్పుడే ఆ బంకు కట్టించిన రెడ్డి మనవడు రఘు బెంగళూరు నుంచి వచ్చాడు. బంకును మొదటి రోజు ఎట్లా ఉందో అట్లా చేస్తాననీ, పుట్టపర్తి పోయేవాళ్లు ఆగి చూసి కాఫీ తాగి పోతారనీ అన్నాడు. మాకందరికీ వింతగా ఉండింది. నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టుకునే రోజుల్లో గోడకు పాత రంగు వెతకడమేమిటి? కానీ పిల్లవాడు నిజంగానే వెతికాడు. గోడమీద రంగుల్ని పొరపొరగా గీకించి అడుగున ఉన్న ఆకుపచ్చను పట్టుకున్నాడు. రేకుల పందిరి పీకించి మళ్లీ పెంకులు వేయించాడు. సిమెంటు రాలగొట్టి సున్నం పూయించాడు. పైన గాజు సీసా, పక్కన చేత్తో ఆడించే పిడి ఉన్న పంపును గుత్తిలో పాత ఇనుము అంగడి నుంచి తెచ్చి నిలబెట్టాడు. అతనికి ఒకటే నియమం. తెరిచిన రోజు ఉన్నది ఉండాలి, తరువాత వచ్చింది పోవాలి. ఫోటో ఒక్కటి కూడా లేదు. తాతా లేడు, తండ్రీ లేడు. ఆ రోజును చూసినవాళ్లలో మిగిలింది పెద్దన్న, నేను.

బంకు వసారా పక్కన ఒక రాతి తొట్టి ఉండేది. పశువులు నీళ్లు తాగే తొట్టి. దాని సంగతి చెప్పాలి. ఆ బంకు కట్టడానికి రాళ్లు మోసిన కూలీల్లో పెద్దన్న తల్లి ఉంది. ఎండదెబ్బకు అక్కడే పడిపోయింది, లేవలేదు. దాహంతో పోయినవాళ్లకు, పడిన చోటే తొట్టి పెట్టి నీళ్లు పోస్తే, పశువు తాగిన ప్రతి గుక్కా వాళ్లకు చేరుతుందని మా వైపు నమ్మకం. పెద్దన్న ఒక రాయి తొలిపించి తెచ్చి అక్కడ దించాడు. గోడలు ఆ తరువాతే లేచాయి. నేను కళ్లారా చూశాను. బంకు తెరిచిన రోజు పంపుకు పూలదండ, తొట్టికి పసుపు. ఆ తరువాత పెద్దన్న ఆ తొట్టిని ఎండనీయలేదు. ట్యాంకరు రోజుల్లో కూడా తన వంతు నీళ్లలో ఒక బిందె తెచ్చి దాంట్లో పోసేవాడు.

తొట్టి ఉండాలా పోవాలా అని తేల్చడానికి ఒక ఉదయం దాని దగ్గర నిలబడి ముగ్గురం మాట్లాడుకున్నాం. చుట్టూ మేస్త్రీలు ఉన్నారు.

"ఇది మొదటినుంచీ ఉండాది చిన్నరెడ్డీ," అన్నాడు పెద్దన్న. "మాయమ్మ పడిన తావు ఇది. తొట్టి దించినాకనే గోడ లేసింది."

రఘు తల గోక్కున్నాడు. "నీ మాట కాదనను పెద్దన్నా. నీ తొట్టి కాబట్టి నువ్వు అట్లే అంటావు గదా. ఇంకెవరన్నా చూసినోళ్లు ఉండారా?"

పెద్దన్న నావైపు చెయ్యి చూపించాడు. "ఈయప్పను అడుగు. ఈయప్పకు ఊర్లో ఒక్కరూ గిట్టరు. కన్నతల్లి మీదనైనా అర్జీ రాస్తాడు. అబద్ధం మాత్రం రాయడు."

మేస్త్రీలు నవ్వారు.

అది పొగడ్తా? ఎగతాళా? ఇప్పుడు ఆలోచిస్తే, నా గురించి అంత మంచి మాట ఇంకెవరూ అనలేదు. అప్పుడు నాకు నవ్వే వినిపించింది.

"తొట్టి మొదట లేదు. బంకు తెరిచిన చానా రోజులకు పెట్టినారు," అన్నాను.

"బాగా గుర్తు తెచ్చుకోప్పా. దించేటప్పుడు మీ నాయన గూడా ఒక చెయ్యి ఏసినాడు."

"నాకు గుర్తుండాది. లేదు."

తిడతాడనుకున్నాను. తిడితే ఏమనాలో కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన తొట్టి అంచును అరచేత్తో రుద్దాడు. "అట్లయితే నాకే మతి తప్పింటాదిలే. నువ్వు మరిచేటోనివి కాదు," అన్నాడు.

రఘు చెడ్డవాడు కాదు. వేరే చోట పెట్టిస్తానన్నాడు. "పడిన తావు ఇది కాకుంటే, యాడ పెడితే ఏముందిలే చిన్నరెడ్డీ," అన్నాడు పెద్దన్న. పెకలించేటప్పుడు తొట్టి రెండుగా పగిలింది. ఆ ముక్కల్ని మెట్ల కింద నింపారు.

ఇంతటితో అయిపోయి ఉంటే, ఒక రాయి పోయిందనుకొని సర్దుకునేవాణ్ణేమో. అయిపోలేదు. పెద్దన్న మా అంగడి దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. బెంచీ మీద కూర్చొని నన్ను అడిగేవాడు. వాళ్లమ్మ బంకు కడుతున్నప్పుడే పోయిందా, తరువాతా? అసలు ఈ దారిలోనేనా? తొట్టి జ్ఞాపకం తప్పయితే తక్కిన జ్ఞాపకాల్లో ఎంత తప్పో ఆయనకు తెలియలేదు. తన తల్లి చావును నన్ను అడిగి తెలుసుకోవలసి వచ్చింది ఆయనకు. నేను టైరు మీదనుంచి తల ఎత్తకుండా "ఏమోప్పా" అనేవాణ్ణి. మొదటి అబద్ధం కోపంలో చెప్పాను. ఈ "ఏమో" మాత్రం కోపంలో అన్నది కాదు. ప్రతిసారీ తెలిసే అన్నాను. ఒక్క మాట చెబితే చాలు, ఆయన తల్లి ఆయనకు తిరిగి దొరికేది. ఎందుకు చెప్పలేదు? అబద్ధం రాయడన్న పేరు నాకు మిగిలిన ఒకే మంచి పేరు. దాన్ని పోగొట్టుకోలేకపోయాను.

పెద్దన్న అట్లాగే పోయాడు, తెలియకుండానే.

బంకు బాగుంది. దారిన పోయేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకుంటారు. అచ్చం మొదటి రోజులాగే ఉందంటారు. రఘు నన్ను చూపించి, ఈయన జ్ఞాపకం మీదే కట్టామని చెబుతాడు. నేను కాఫీ తాగి వచ్చేస్తాను.

ఒకటి దాచకుండా చెప్పాలి. ఆ పేరు పెట్టినందుకు పెద్దన్న మీద కోపం నాకు ఇంకా పూర్తిగా పోలేదు. ఆయన నన్ను నవ్వులపాలు చేశాడు, నేను ఆయనను ఆయన మీదే అనుమానపడేటట్టు చేశాను. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తాను. సమానం కావు. సమానం కావని తెలిసి కూడా కోపం పోదు. నేనిట్లాంటివాణ్ణి.

ఆయన కూతురు ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పట్టు నూలు చుడుతుంది. ఆమెకు చెబుతానో లేదో తెలియదు, మాట ఇవ్వలేను. ఎవరినీ క్షమించమని అడగడం లేదు, అడగవలసిన మనిషి లేడు. ఆయన బెంచీ మీద కూర్చొని అడిగినదానికి చెప్పవలసిన జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే చెయ్యి తేలికగా ఉంది.

మీయమ్మ అక్కడే పడింది పెద్దన్నా. నీకు మతి తప్పలేదు.