ఖాజాబీ సాక్ష్యం

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. బతికున్నవాళ్లు పెట్టిన బాధలే నాకు సరిపోయాయి. ఇప్పుడు చెప్పేది కూడా ఎవరినో భయపెట్టడానికి కాదు. జరిగింది జరిగినట్టు ఎక్కడో ఒకచోట ఉండాలని రాస్తున్నాను.

వనపర్తిలో ఒక దవాఖానలో నర్సుగా చేరిన మొదటి రోజే హెడ్ సిస్టర్ నన్ను వార్డు మధ్యలో నిలబెట్టి గాజులు తీయించింది. డ్యూటీలో గాజులు వేసుకోకూడదని నాకూ తెలుసు. బస్సు దిగి నేరుగా వచ్చాను, తీయడం మరిచాను. పక్కకు పిలిచి చెప్పొచ్చు కదా. "పెండ్లికొచ్చినవా?" అంది. రోగులందరూ నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

ఆ ఏడాదే అమరచింత నుంచి ఖాజాబీ వచ్చింది. ఊరూరా తిరిగి గాజులు తొడిగే ముసలమ్మ. జ్వరం, ఆయాసం. సూది పెడదామని నేను ఆమె చెయ్యి పట్టుకుంటే ఆమే నా చెయ్యి పట్టుకుంది. బొటనవేలు లోపలికి మడిచి, వేళ్ల మొదళ్లు దగ్గరికి నొక్కింది. గాజు ఎక్కించే ముందు నొక్కినట్టు.

"రెండు నాలుగు ఎక్కుతది. ఎముక మెత్తగుంది బిడ్డా, ఒక్కటి గూడ పగలదు."

అందరూ నాకు అంతకంటే పెద్దది, రెండు ఆరు సైజే ఇస్తారన్నాను. వాళ్లకు తొడగడం రాదంది. ఇంటికి పోయేముందు తానే తొడిగి పోతానంది. ఆ వార్డులో నాతో మంచిగా మాట్లాడింది ఆమె ఒక్కతే.

ఒక మధ్యాహ్నం ఆమెకు ఆయాసం పెరిగింది. పెదవులు నల్లబడ్డాయి. కొత్త నర్సులు డాక్టరును నేరుగా పిలవకూడదు. వార్డు చివర బల్ల దగ్గరున్న హెడ్ సిస్టర్‌కు పరుగున వెళ్లి చెప్పాను. "నిన్నగాక మొన్నొచ్చినవ్, నాకు నేర్పుతున్నవా?" అని టీ తాగుతూ కూర్చుంది. మళ్లీ వెళ్లి చెప్పాను. ఆయా చెన్నమ్మ అప్పుడు అక్కడే ఉంది. డాక్టరు వచ్చేసరికి ఖాజాబీ లేదు.

విచారణలో హెడ్ సిస్టర్ తనకెవరూ చెప్పలేదంది. చెన్నమ్మ తల వంచుకుంది. తప్పు నా మీద పడింది. పైవాళ్లకు ఫిర్యాదు చేశాను, మళ్లీ చేశాను. నాకు కావలసింది ఒకే మాట, ఈమె చెప్పింది అని. ఎవరూ అనలేదు.

కొన్నాళ్లకు అదే మంచం మీదికి కోడేరు నుంచి ఒక పడుచామెను తెచ్చారు. సేద్యం చేసుకునే మనిషి. జ్వరం తలకెక్కి స్పృహ లేదు. పట్టపగలు, కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. హెడ్ సిస్టర్, చెన్నమ్మ మంచం పక్కనే ఉన్నారు. సూది పెట్టడానికి నేను ఆమె చెయ్యి అందుకున్నాను.

ఆ చెయ్యి తిరిగి నా చెయ్యి పట్టుకుంది. బొటనవేలు లోపలికి మడిచింది. వేళ్ల మొదళ్లు నొక్కింది.

"రెండు నాలుగు. ఎముక మెత్తగుంది బిడ్డా."

కళ్లు మూసే ఉన్నాయి. ముఖం మాత్రం హెడ్ సిస్టర్ వైపు తిరిగింది.

"ఈ పిల్ల నీకు చెప్పింది. నా చెవుల్తోని ఇన్న."

అంతే, చెయ్యి జారిపోయింది. హెడ్ సిస్టర్ మంచం కమ్మీ పట్టుకుంది. ఈమె చెప్పింది అన్న ఆ మాట ఇప్పుడైనా అంటుందేమోనని చూశాను. ఆమె సర్దుకుని, "జ్వరమెక్కువైంది, తడిగుడ్డ వెయ్యి" అంది.

తర్వాత చెన్నమ్మను బతిమాలాను. "నేనేం ఇనలే సిస్టర్. ఇన్ననంటే నా నౌకరి పోతది," అంది.

కోడేరు ఆమె కోలుకుంది. గాజులు తొడగడం వచ్చా అని అడిగితే నవ్వింది. అమరచింత ఎటువైపుందో కూడా ఆమెకు తెలియదు. ఖాజాబీ చెప్పిన సైజు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఒకసారి గద్వాల బజారులో రెండు నాలుగు గాజులు అడిగాను. ఎక్కవన్నాడు దుకాణంవాడు. ఎక్కాయి. ఒక్కటీ పగల్లేదు.

నన్ను నాగర్‌కర్నూల్‌కు పంపేశారు. ఆ మచ్చ కూడా నాతోపాటే వచ్చింది. చచ్చిన మనిషి వచ్చి చెప్పినా సాక్ష్యం చెల్లలేదు.

ఆ రోజు జరిగిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఏ రోగి చెయ్యి పట్టుకున్నా, సూది గుచ్చే ముందు కాస్త ఆగుతాను. ఆ వేళ్లు నా బొటనవేలు మడుస్తాయేమోనని.

ఇంతవరకు ఏ చెయ్యీ మడవలేదు.