చేతికి బరువు తగలని చోక్

తొంభైల మధ్యలో, ఎండాకాలం మొదట్లో, ఎలక్ట్రానిక్ చోక్‌లు తయారుచేసే ఒక చిన్న కంపెనీ నన్ను ట్రైనీ సర్వీస్ ఇంజనీరుగా మార్కాపురం పంపింది. గిద్దలూరు దాకా నా పరిధే. వేసవి దాటేలోగా మార్కాపురంలో ఒక్క డీలరైనా కుదరకపోతే ఉద్యోగం ఖాయం చేయబోమని సేల్స్ మేనేజరు ముందే చెప్పారు.

ట్యూబ్‌లైటును వెలిగించడం, వెలిగాక కరెంటును అదుపులో ఉంచడం చోక్ పని. పాత చోక్‌లో ఇనుప రేకుల మీద రాగి తీగ చుట్టి ఉంటుంది. దానికి స్టార్టరు కావాలి. వోల్టేజి పడిపోతే ట్యూబు మిణుకుమంటుందే గానీ వెలగదు. మాది సర్క్యూటు బోర్డు. స్టార్టరు అక్కర్లేదు, మోత ఉండదు, తక్కువ వోల్టేజిలోనూ పనిచేస్తుంది.

ఇదంతా చెప్పి, ఎలక్ట్రికల్ దుకాణం రంగయ్య శెట్టిగారి చేతికి మా చోక్ ఇచ్చాను. మోటారు వైండింగ్ తీగ తూచే తక్కెడలో ఒక పళ్లెంలో మాది, రెండో పళ్లెంలో పాతది పెట్టారాయన. మాది పైకి లేచింది.

“ఏంది నాయనా, ఇందులో సరుకేది?”

తీగ కొనడానికి బేస్తవారిపేట నుంచి వచ్చిన రైతు ఓబుల్‌రెడ్డి అందుకున్నాడు. “లోపల పెట్టడం మరిసినారేమో మామా!”

సాయంత్రం దాకా ఆగమన్నాను. పొలాల్లో మోటార్లు వేయగానే వోల్టేజి పడిపోయింది. దుకాణంలోని ట్యూబులన్నీ కొట్టుకుంటుంటే, నేను బిగించింది స్విచ్ వేయగానే తెల్లగా వెలిగింది.

“ఖాళీ డబ్బానే వెలిగింది సూడు మామా!” ఓబుల్‌రెడ్డి చప్పట్లు కొట్టాడు.

“మరి కొంటావా?” అన్నారు శెట్టిగారు.

“నేనా? మా ఇంటామె చేత్తో పట్టుకొని, డబ్బులు యాడ పోసినావని అడగదా?”

నాకూ నవ్వాగలేదు. శెట్టిగారు నా వైపు తిరిగారు. “ఇన్నావు గదా. బరువు పెట్టించుకొని రా, తీసుకుంటా.”

ఉత్త బరువు కోసం ఇనుము పెడితే మోసం. అయితే ఆ ఊరి పలకల ఫ్యాక్టరీల రాతి దుమ్ము చేరి బోర్డులు చెడిపోతాయని, డబ్బాలో రెసిన్ అనే గట్టిపడే జిగురు పోసి మూసేయాలని నేను అంతకుముందే ఆఫీసుకు రాశాను. ఖర్చని ఒప్పుకోలేదు. ఈసారి రెసిన్‌తో డీలరు అడిగిన బరువు కూడా వస్తుందని రాస్తే, రెసిన్ పోసిన చోక్‌ల పెట్టె త్వరలోనే వచ్చింది.

ఈ బరువు దుమ్ము ఆపడానికేనని, వెలుగుకు దీంతో పనిలేదని శెట్టిగారికి దాచకుండా చెప్పాను.

“నీకు దుమ్ము కోసం, నాకు ఓబుల్‌రెడ్డి కోసం. అట్లయితే నష్టమేంది?” అని పెట్టె మొత్తం దించుకున్నారు. నా ఉద్యోగం ఖాయమైంది.

ఆ ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక పద్ధతి పాటించాను. కొనేవాడు చెప్పే కారణం సాంకేతికంగా తప్పైనా, అతడు కోరిన మార్పుతో సరుకులోని అసలు లోపమేదైనా తీరుతుందేమో చూసిన తర్వాతే కాదనేవాణ్ణి.